పెద్దవాళ్ళ కోసం బాత్‌రూమ్ మార్చడం: కొలతల నుంచి చివరి స్క్రూ దాకా

బాత్‌రూమ్ బాగుచేయించాలని మేస్త్రీని పిలిస్తే ఆయన మొట్టమొదట అడిగేది "టైల్స్ ఏం వేద్దాం?" అనే. ఆ జవాబు తర్వాత చెప్పొచ్చు. ముందు తేలాల్సినవి వేరే ఉన్నాయి: ఆ గదిని వాడబోయే మనిషి ఎత్తెంత, ఏ చేతిలో బలం ఉంది, ఏ మోకాలు పట్టేస్తోంది, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు. మా ఇంట్లో ఈ వరస తలకిందులైంది. టైల్స్ ఏరాను, కుళాయిలు ఏరాను, ఆఖర్న కమోడ్ పక్కన ఒక స్టీలు కడ్డీ పెట్టించాను. బిగించినతను బాగా పొడగరి, తన చేతికి అనువైన ఎత్తులో బిగించి వెళ్ళాడు. మా అమ్మ ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు. ఆ కడ్డీ పట్టుకుంటే ఆవిడ భుజం లేచేది గానీ ఒళ్ళు లేచేది కాదు. నెల తిరక్కుండానే దాని మీద తువ్వాలు ఆరడం మొదలైంది.

"ఒకసారి పడితే అప్పుడు చూద్దాంలే" అని వాయిదా వేసేవాళ్ళు చాలామంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో కిందపడి చనిపోతున్నవాళ్ళు ఏడాదికి 6,84,000 మంది. వాళ్ళలో ఎక్కువమంది 60 దాటినవాళ్ళే. ప్రాణం దక్కినా, తుంటి ఎముక విరిగినవాళ్ళలో చాలామంది మళ్ళీ మునుపటిలా నడవలేరు. కాబట్టి ఈ పనికి సరైన సమయం, పెద్దవాళ్ళు ఇంకా బాగా నడుస్తూ, "నాకెందుకురా ఇవన్నీ" అని విసుక్కుంటున్నప్పుడే.

1. రెండు రోజులు ఊరికే గమనించండి

"ఎక్కడ ఇబ్బందిగా ఉంది?" అని అడిగితే "బానే ఉంది" అంటారు. అడగడం కన్నా గోడల్ని చూడటం నయం. తలుపు చట్రం మీద, వాష్‌బేసిన్ అంచున, స్విచ్‌బోర్డు పక్కన చేతి మరకలుంటాయి. టవల్ రాడ్ ఊగుతుంటుంది. ఆ మనిషి ఇప్పటికే ఆసరా వెతుక్కుంటున్న చోట్లు అవే. పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి, కడ్డీలు పెట్టేటప్పుడు పనికొస్తాయి.

తర్వాత గది పొడిగా ఉన్నప్పుడు, బట్టలతోనే, మొత్తం ఒకసారి నటించి చూపించమనండి. మంచం దిగడం, నడిచి రావడం, తలుపు తీయడం, లోపల తిరగడం, కూర్చోవడం, లేవడం, కుళాయి తిప్పడం, ఒళ్ళు తుడుచుకోవడం, బట్టలు మార్చుకోవడం. మీరు చేయాల్సింది ఒక్కటే: ఒంటికాలి మీద నిలబడే క్షణాలు ఎన్నో లెక్కపెట్టడం. గడప దాటేటప్పుడు ఒకటి, పాదం రుద్దుకునేటప్పుడు ఒకటి, బట్టలు తొడుక్కునేటప్పుడు రెండు... ఇలా. మా అమ్మ లెక్క ఏడు తేలింది. ఆ ఏడింటినీ ఒక్కొక్కటిగా తీసేయడమే ఇక మిగిలిన పని.

రాత్రి నడకను విడిగా చూడాలి. పడుకున్న మనిషి గబుక్కున లేస్తే బీపీ పడిపోవచ్చు. లేచిన మూడు నిమిషాల్లో పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే డాక్టర్లు దాన్ని ఒక సమస్యగా లెక్కవేస్తారు. బీపీ మాత్రలు, మూత్రం ఎక్కువ చేసే మాత్రలు వాడేవాళ్ళలో ఇది మామూలే. రాత్రి లేచేటప్పుడు కళ్ళు తిరుగుతున్నాయంటే డాక్టరుకు చెప్పండి, అది గ్రౌట్‌తో (టైల్స్ సందుల్లో నింపే ముద్దతో) తీరే బాధ కాదు.

కొలిచి రాసుకోవాల్సినవి నాలుగు:

- చెప్పుల్లేకుండా కుర్చీలో కూర్చున్నప్పుడు మోకాలి వెనక మడత నుంచి నేల దాకా ఎత్తు
- అలా కూర్చున్నప్పుడే మోచెయ్యి నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది
- కూర్చుని చెయ్యి చాపితే ఎంత దూరం అందుతుంది
- వాకర్ లేదా వీల్‌ఛైర్ ఉంటే దాని వెడల్పు, పట్టుకున్న చేతులతో సహా

పక్షవాతం వచ్చినవాళ్ళయితే ఏ వైపు బలం తగ్గిందో రాసుకోండి. కడ్డీ బలమున్న వైపే ఉండాలి. పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళకు గుమ్మం దగ్గర కాళ్ళు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోతాయి, వాళ్ళ గుమ్మంలో గడప, ఇరుకు రెండూ ఉండకూడదు. ఇలాంటి జబ్బులుంటే ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌ను (రోజువారీ పనులు ఇబ్బంది లేకుండా చేసుకోవడం నేర్పే నిపుణులను) ఒక్క గంటసేపు ఇంటికి పిలిచి చూపించండి. ఆ గంట ఖర్చు ఒక తప్పు కడ్డీని ఊడబీకి మళ్ళీ బిగించే ఖర్చు కన్నా ఎక్కువేం కాదు.

2. కూల్చాలా, వద్దా?

అన్నిటికీ గోడలు పగలగొట్టక్కర్లేదు. కడ్డీలు, హ్యాండ్ షవర్, స్నానం కుర్చీ, కమోడ్ మీద బిగించే ఎత్తు సీటు, రాత్రి దీపాలు, బయటి నుంచి తెరవగలిగే గొళ్ళెం, పొడవాటి పిడితో తిప్పే లివర్ కుళాయిలు. ఇవన్నీ ఒకటి రెండు రోజుల పని. గచ్చు జారకుండా, గడప లేకుండా, తలుపు వెడల్పుగా ఉంటే ఇక్కడితో ఆగినా ఫరవాలేదు.

ఈ మూడింటిలో రెండు లేకపోతే మాత్రం సగం పని చేయకండి. ఒకసారి గచ్చు తీశాక, ఈరోజు వీల్‌ఛైర్ అవసరం లేకపోయినా వీల్‌ఛైర్ పట్టేలాగే కట్టించండి. అది వెనక్కి తిరగాలంటే సుమారు 150 సెంటీమీటర్ల వృత్తం ఖాళీగా కావాలి. చిన్న గదిలో అంత దొరకదు. అప్పుడు స్నానం చేసే చోటుకు అడ్డు లేకుండా, నేలంతా ఒకే మట్టంగా వదిలేస్తే ఆ చోటు కూడా తిరగడానికి కలిసొస్తుంది.

ఇంకో మాట. పని జరిగే వారాల్లో పెద్దవాళ్ళు ఎక్కడికి వెళ్తారు? ఇంకో బాత్‌రూమ్ ఉందా, ఉంటే అక్కడ కనీసం ఒక కడ్డీ ఉందా? లేకపోతే గదిలో వాడే కమోడ్ కుర్చీ ముందే తెచ్చి ఉంచండి. సురక్షితమైన గది కట్టే హడావిడిలో అలవాటు లేని గదిలో జారిపడితే అంతకన్నా అన్యాయం లేదు.

3. తలుపు

లోపలికి తెరుచుకునే తలుపు మొదటి శత్రువు. లోపల మనిషి పడితే ఆ ఒళ్ళే తలుపుకు అడ్డం పడుతుంది, బయటివాళ్ళు తోయలేరు. తలుపు బయటికి తెరుచుకోవాలి, లేదా పక్కకు జరగాలి. జరిగే తలుపయితే పైన పట్టాల మీద వేలాడేది తీసుకోండి, నేల మీద పట్టా వద్దు. తెరిచినప్పుడు నికరంగా 81 సెంటీమీటర్ల దారి ఉండాలి. నాలుగైదు సెంటీమీటర్లే తక్కువైతే చట్రం పగలగొట్టకుండా, తలుపును దారిలోంచి పూర్తిగా పక్కకు తప్పించే ఆఫ్‌సెట్ బందులు వేస్తే తలుపు మందం మేరకు దారి పెరుగుతుంది.

గొళ్ళెం బయటి నుంచి నాణెంతోనో స్క్రూడ్రైవర్‌తోనో తిప్పగలిగేది కావాలి. గుండ్రటి నాబ్ తీసేసి లివర్ పెట్టండి, కీళ్ళవాతం ఉన్న వేళ్ళకు గుండ్రం పట్టు దొరకదు.

4. నేల: అసలు డబ్బు ఇక్కడే పెట్టండి

గడప ఎందుకు పెడతారో అందరికీ తెలిసిందే, నీళ్ళు బయటికి రాకుండా. గడప తీసేయాలంటే ఆ పనిని వాలు చేయాలి. స్నానం చేసే చోట మీటరుకు సుమారు 2 సెంటీమీటర్ల వాలు, నీళ్ళు పోయే వైపుకి. అంతకన్నా తక్కువైతే నీళ్ళు నిలుస్తాయి. ఎక్కువైతే స్నానం కుర్చీ ఒక కాలి మీద ఊగుతుంది, నిలబడ్డ మనిషికి కూడా పక్కకు ఒరిగినట్టుంటుంది. మధ్యలో గుండ్రటి జాలీ పెడితే నాలుగు వైపుల నుంచీ వాలు ఇవ్వాలి, గచ్చు పళ్ళెంలా తయారవుతుంది. గోడ వారగా పొడవాటి జాలీ పెట్టిస్తే ఒకే వైపు వాలు సరిపోతుంది, పెద్ద టైల్స్ కూడా వేసుకోవచ్చు. మేస్త్రీ రసమట్టం పెట్టి చూపించాక కూడా, ఒక మగ్గు నీళ్ళు నాలుగు మూలలా పోసి ఎటు పారుతున్నాయో మీ కళ్ళతో చూడండి.

పై అంతస్తుల్లో చిక్కు వేరు. వాలు కోసం స్లాబ్‌లో గాడి కొడదామని ఎవరైనా అంటే ఆపండి. స్ట్రక్చరల్ ఇంజినీరు చూడకుండా స్లాబ్ జోలికి, అందులోని ఇనుము జోలికి వెళ్ళకూడదు. దానికి బదులు బాత్‌రూమ్ గచ్చును రెండు మూడు సెంటీమీటర్లు లేపి, బయట గుమ్మం దగ్గర చిన్న వాలుబల్ల కట్టుకోవచ్చు. ఒకటికి పన్నెండు లెక్క, అంటే రెండున్నర సెంటీమీటర్ల ఎత్తుకు 30 సెంటీమీటర్ల పొడవు.

గడప తీసిన గదికి వాటర్‌ప్రూఫింగ్ రెండింతలు ముఖ్యం. నీళ్ళు ఎక్కడికైనా వెళ్ళొచ్చు కాబట్టి గది నేలంతా వేయాలి, గోడల మీదికి కనీసం 15 సెంటీమీటర్లు ఎక్కించాలి, షవర్ పడే గోడలకు తల ఎత్తు దాటేదాకా. గోడా నేలా కలిసే మూలల్లో, జాలీ చుట్టూ పట్టీ వేసి మరీ పూయాలి. పూత ఆరాక జాలీ మూసేసి, గది నిండా నాలుగు సెంటీమీటర్ల నీళ్ళు నిలిపి, గోడ మీద గీత గీసి, 24 గంటలు వదిలేయండి. గుమ్మం దగ్గర తాత్కాలికంగా సిమెంటుతో చిన్న కట్ట కడతారు. మర్నాడు గీత చూడండి, కింది అంతస్తు పైకప్పు చూడండి. ఈ పరీక్షను "టైమ్ వేస్ట్" అనే మేస్త్రీలు దొరుకుతారు. టైల్స్ వేశాక లీకు తేలితే వేస్టయ్యేది మాత్రం ఆయన టైము కాదు.

ఇప్పుడు టైల్స్ మాట. షాపులో పొడి టైల్ మీద వేలు రుద్ది "గరుగ్గానే ఉంది" అనుకోవడం పరీక్ష కాదు. పెట్టె మీదో కంపెనీ కాగితం మీదో రాసిన గ్రేడు అడగండి. ఆర్9 నుంచి ఆర్13 దాకా ఉండే అంకెలు బూట్లు వేసుకుని, నూనె పోసిన వాలు మీద నడిచి తేల్చినవి. మనకు కావాల్సింది ఒట్టి పాదాల లెక్క: దానికి ఎ, బి, సి అని మూడు తరగతులున్నాయి, సి అన్నిటికన్నా తక్కువ జారుతుంది. షవర్ కింద బి లేదా సి తీసుకోండి. అమెరికన్ కంపెనీల టైల్స్‌కి డీసీఓఎఫ్ అనే అంకె ఇస్తారు, అది ఎంత ఎక్కువైతే అంత తక్కువ జారుతుంది, తడి నేలకు 0.42 కన్నా తక్కువ వద్దు. చిన్న టైల్స్ అయితే మధ్యన గ్రౌట్ గీతలు ఎక్కువ, ఆ గీతలే పాదాన్ని పట్టుకుంటాయి. అలాగని ఉప్పుకాగితంలా గరుకైనది తెస్తే అందులో సబ్బు, మురికి ఇరుక్కుపోయి, ఆ పొర మీదే కాలు జారుతుంది. వారానికోసారి బ్రష్షుతో రుద్దగలిగేంత గరుకు చాలు.

విడిగా వేసే పట్టలు, కార్పెట్ ముక్కలు ఏవీ ఉంచకండి. కాలి వేళ్ళు తట్టుకునేవి అవే.

5. గోడ లోపల ఏముంది?

కడ్డీ ఎంత మంచిదైనా దాని బలం గోడదే. అమెరికాలో వికలాంగుల సౌలభ్యం కోసం పెట్టిన ఏడీఏ ప్రమాణం ప్రకారం కడ్డీ, దాని స్క్రూలు, వెనక గోడ అన్నీ కలిసి 250 పౌండ్ల బలాన్ని, అంటే సుమారు 113 కిలోలను తట్టుకోవాలి. జారుతున్న మనిషి ఒక్క కుదుపుతో పట్టుకుంటాడు, మెల్లగా వాలడు. అందుకే అంత.

గట్టి ఇటుక గోడయితే స్టెయిన్‌లెస్ స్టీలు యాంకర్ బోల్టులు చాలు. బోలు ఇటుక, తేలిక బ్లాకుల గోడయితే మామూలు ప్లాస్టిక్ ప్లగ్గులు ఊడొస్తాయి. జల్లెడ గొట్టంతో వేసే కెమికల్ యాంకర్ (కన్నంలో గట్టిపడే జిగురుతో బోల్టును పట్టి ఉంచేది) వాడాలి, లేదా ఆ భాగంలో కాంక్రీటు నింపించాలి. బోర్డు గోడయితే టైల్స్ వేయకముందే లోపల తడికి పాడవని 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ బిగించాలి. కడ్డీ ఎత్తులో ఒక్క పట్టీతో సరిపెట్టుకోకుండా, నేల నుంచి ఒకటిన్నర మీటర్ల దాకా పూర్తి పలక వేయించండి. రేపు ఆరోగ్యం మారి కడ్డీని జరపాల్సి వస్తే అప్పుడు దేవుళ్ళాడక్కర్లేదు.

టైల్స్ మూసేయకముందు ప్రతి గోడకూ టేపు ఆనించి ఫోటో తీసిపెట్టుకోండి. నీళ్ళ పైపు ఎక్కడ, కరెంటు తీగ ఎక్కడ, ప్లైవుడ్ ఎక్కడ అన్నీ కనబడాలి. మేం తీయలేదు. రెండోసారి డ్రిల్లు పెట్టినప్పుడు ప్లంబరు, నేను, ఇద్దరం ఊపిరి బిగబట్టాం.

6. కమోడ్ ఎత్తు

మామూలు కమోడ్ సీటు నేల నుంచి 38–40 సెంటీమీటర్లు ఉంటుంది. నొప్పి మోకాళ్ళకు అది లోతు. ఏడీఏ ప్రకారం సీటు పైభాగం 43 నుంచి 48 సెంటీమీటర్ల మధ్య ఉండాలి. దాంతో అందరూ వెళ్ళి "కంఫర్ట్ హైట్" అని అమ్మే ఎత్తు కమోడ్ తెచ్చేస్తారు. పొట్టివాళ్ళకు అందులో కంఫర్ట్ ఏమీ లేదు. పాదాలు నేలకు ఆనవు, తొడల కింద రక్తం ఆగి తిమ్మిరెక్కుతుంది, తిమ్మిరి కాళ్ళతో లేచి పడతారు. పాదం పూర్తిగా నేల మీద ఆనకపోతే ముక్కడమూ కష్టమే.

మీరు కొలిచిన మోకాలి మడత ఎత్తుకు సమానంగానో, రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువగానో సీటు ఉండాలి. మా అమ్మ కొలత 38, ఆవిడకు 41 సరిపోయింది. కొత్త కమోడ్ కొనకుండా ఎత్తు పెంచాలంటే కింద దిమ్మె కట్టించొచ్చు, లేదా బోల్టులతో బిగిసే, చేతులున్న ఎత్తు సీటు పెట్టొచ్చు. ఊరికే పైన కూర్చోబెట్టే ప్లాస్టిక్ సీటు పక్కకు జరుగుతుంది, దాన్ని నమ్మొద్దు. వీల్‌ఛైర్ నుంచి జరిగి కూర్చునేవాళ్ళకు మాత్రం లెక్క వేరు: రెండు సీట్లూ ఒకే మట్టంలో ఉండాలి.

కింద కూర్చునే బేసిన్ ఉన్న చోట కమోడ్ పెట్టాలంటే ముందు పాత గొట్టం నేలలోకి పోతోందా, గోడలోకి పోతోందా చూసి, దాన్ని బట్టి ఎస్ ట్రాప్ లేక పి ట్రాప్ తీసుకోవాలి. పక్క గోడ నుంచి కమోడ్ మధ్యగీతకు 40–45 సెంటీమీటర్ల దూరం ఉంచండి. అంతకన్నా దూరమైతే గోడ కడ్డీ అందదు, దగ్గరైతే మోచెయ్యి ఆడదు. రెండో పక్క సాయం చేసేవాళ్ళు నిలబడేంత ఖాళీ వదలండి. ఫ్లష్ మీట, హెల్త్ ఫాసెట్, కాగితం, ఏదీ ఒళ్ళు తిప్పి వెనక్కి వెతుక్కునే చోట ఉండకూడదు.

7. కడ్డీలు

మందం 32 నుంచి 38 మిల్లీమీటర్లు. గోడకూ కడ్డీకీ మధ్య ఖాళీ 38 మిల్లీమీటర్లు. ఈ ఖాళీ ఎక్కువైతే ఇంకా సౌకర్యం అనుకుంటారు. జారినప్పుడు ముంజెయ్యి ఆ సందులోకి దూరిపోతే ఎముక విరుగుతుంది. టవల్ రాడ్‌ను కడ్డీగా లెక్కవేయకండి. రబ్బరు కప్పులతో గోడకు అతుక్కునేవి ఒంటి బరువుకు పనికిరావు, ఎప్పుడు వదిలేస్తాయో చెప్పవు.

అడ్డంగా ఉన్న కడ్డీ నొక్కి లేవడానికి, నిలువుగా ఉన్నది పట్టుకుని లాక్కోవడానికి, తూలకుండా నిలవడానికి. ఏటవాలుగా పెట్టేది రెండు పనులూ చేస్తుందంటారు గానీ తడి చెయ్యి దాని మీద కిందికి జారుతుంది, నేను పెట్టను.

ఎత్తు ఎంత? ఇక్కడే తమాషా. కమోడ్ పక్కన అడ్డ కడ్డీ 84–91 సెంటీమీటర్ల ఎత్తులో పెట్టమని ఏడీఏ అంటుంది. బ్రిటన్ భవన నియమాల మార్గదర్శకం 68 అంటుంది. రెండూ జనమంతా వాడే టాయిలెట్ల కోసం ఆలోచించి రాసినవే. అంటే నిజమైన అంకె ఒకటి లేదు, మీ ఇంట్లో మనిషికి కుదిరేదే అంకె. కూర్చున్నప్పటి మోచెయ్యి ఎత్తు నుంచి మొదలుపెట్టండి. ఇద్దరు ఒక కర్రను గోడ వారగా గట్టిగా పట్టుకుంటే, పెద్దవాళ్ళు దాన్ని నొక్కి లేచి చూడాలి. రెండు సెంటీమీటర్లు పైకి, రెండు కిందికి. కుదిరిన చోట రంగు టేపు అంటించి రెండు రోజులు వదిలేయండి. ఆ రెండు రోజుల్లో చెయ్యి సహజంగా టేపు మీదికే వెళ్తుంటే అక్కడ డ్రిల్లు పెట్టండి. డ్రిల్లు కన్నాల్లో సిలికాన్ నింపాకే బోల్టు ఎక్కించాలి, లేకపోతే అంత కష్టపడి వేసిన వాటర్‌ప్రూఫింగ్‌కు మనమే బొక్కలు పెట్టినట్టు.

ఎక్కడెక్కడ: గుమ్మం లోపల నిలువుగా ఒకటి. కమోడ్ పక్క గోడకు అడ్డంగా సుమారు మీటరు పొడవుది, దాని ముందు భాగంలో, వెనక గోడ నుంచి మీటరు దూరంలో నిలువుగా ఇంకొకటి. గోడ లేని వైపు మడిచి పైకెత్తే కడ్డీ. స్నానం చోట అడుగుపెట్టే దగ్గర నిలువుగా, కుర్చీ పక్కన అడ్డంగా. ఒకదాన్ని వదిలి ఇంకోదాన్ని అందుకునే మధ్యలో రెండు చేతులూ ఖాళీగా ఉండే క్షణం రాకూడదు. బిగించాక మీరే పూర్తి బరువుతో వేలాడి చూడండి. కిర్రుమంటే ఊడదీయించండి, మొహమాటపడకండి.

8. స్నానం చేసే చోటు

నిలబడి స్నానం మానిపిస్తే సగం ప్రమాదం పోతుంది. గోడకు మడిచే సీటు చూడటానికి బావుంటుంది కానీ వీపుకు ఆనిక ఉండదు, చేతులుండవు. ముందు చేతులూ వీపూ ఉన్న, రబ్బరు కాళ్ళ స్నానం కుర్చీతో మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం. ఎత్తు సర్దుకోవచ్చు, నచ్చకపోతే మార్చొచ్చు.

హ్యాండ్ షవర్ గొట్టం కనీసం ఒకటిన్నర మీటర్లు ఉండాలి, కూర్చున్న చోటికి అందేలా నిలువు కడ్డీ మీద కిందికీ పైకీ జరగాలి. కుళాయి తిప్పే చోటు షవర్ కిందే ఉంటే మొదటి చల్లటి, లేదా మరిగే, ధార ఒంటి మీదే పడుతుంది. దాన్ని పక్కకు, లోపలికి రాకముందే చెయ్యి అందే చోట పెట్టించండి. బకెట్‌తో పోసుకునే అలవాటుంటే బకెట్‌ను చిన్న పీట మీద పెట్టి, అక్కడే గొట్టంతో నింపండి. నిండు బకెట్ ఎత్తడం, వంగి మగ్గు ముంచడం రెండూ తప్పుతాయి. సబ్బుబిళ్ళ చేజారితే దానికోసం వంగుతారు, నొక్కితే వచ్చే ద్రవం సబ్బు నయం. దాని గూడు కూర్చున్నప్పటి భుజం ఎత్తులో.

అద్దాల తలుపు వద్దు. సాయం చేసేవాళ్ళకు అది అడ్డం. కింద బరువున్న కర్టెన్ చాలు. తొట్టి ఉంటే తీసేయడమే మంచిది. తలుపున్న తొట్లు అమ్ముతున్నారు గానీ, నీళ్ళు నిండేదాకా, మళ్ళీ పూర్తిగా పోయేదాకా లోపల తడిగా, చలికి కూర్చోవాల్సిందే. తలుపు మధ్యలో తెరవలేరు.

9. వేడినీళ్ళు

60 డిగ్రీల నీళ్ళు అయిదారు సెకన్లలో చర్మాన్ని తీవ్రంగా కాల్చేస్తాయి. 49 డిగ్రీల దగ్గర అదే గాయానికి నిమిషాలు పడుతుంది, చెయ్యి తీసుకునే వ్యవధి ఉంటుంది. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళకు కాలుతున్న సంగతే తెలియదు. అలాగని నీళ్ళు నిలవ ఉండే గీజర్‌ను బాగా తగ్గించి పెట్టడమూ మంచిది కాదు, గోరువెచ్చని నిలవ నీళ్ళలో లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. దీనికి దారి థర్మోస్టాటిక్ మిక్సింగ్ వాల్వ్. గీజర్ 60లోనే ఉంటుంది, కుళాయికి వచ్చేసరికి చల్లనీళ్ళు కలిసి వేడి తగ్గుతుంది. బ్రిటన్‌లో వృద్ధుల సంరక్షణ కేంద్రాలు వంటి చోట్ల షవర్‌కు 41 డిగ్రీలు దాటనివ్వరు, ఇంట్లోనూ అదే పెట్టుకోవచ్చు. మేడ మీద ట్యాంకు నుంచి తక్కువ ఒత్తిడితో నీళ్ళు వచ్చే ఇళ్ళకు అందుకు తగిన వాల్వే కొనాలి, అన్నీ పనిచేయవు. ఏడాదికోసారి థర్మామీటరు పెట్టి చూసుకోండి.

10. వాష్‌బేసిన్

కూర్చుని వాడాల్సి రావచ్చు కాబట్టి పైఅంచు 86 సెంటీమీటర్లకు మించకుండా, కింద మోకాళ్ళకు 68 దాకా ఖాళీ. వేడినీళ్ళ పైపుకు తొడుగు. అందరూ దాని మీద బరువు వేసి వంగుతారు, గట్టి బ్రాకెట్లు పెట్టించండి. కుళాయి లివర్‌ది.

11. వెలుతురు, రంగులు, కరెంటు

60 ఏళ్ళ కంట్లోకి 20 ఏళ్ళ కంట్లోకి వెళ్ళే వెలుగులో దాదాపు మూడోవంతే చేరుతుందని చెప్తారు. పైగా ఎదురుగా కొట్టే బల్బు వాళ్ళ కళ్ళను ఎక్కువ బాధిస్తుంది. ఒకే పెద్ద లైటు కన్నా, బల్బు కనబడకుండా మూత పెట్టిన రెండు మూడు లైట్లు నయం, ఒకటి షవర్ మీద, ఒకటి కమోడ్ మీద. మెరిసే టైల్స్ ఈ వెలుగును కంట్లోకి కొడతాయి, మెరుపు లేనివి తీసుకోండి. మంచం నుంచి కమోడ్ దాకా, కదలిక తెలిసి వెలిగే చిన్న పసుపు దీపాలు మోకాలి కింద ఎత్తులో పెట్టండి. స్విచ్ బాత్‌రూమ్ బయట.

అంతా తెలుపే పెట్టే ఫ్యాషన్ మీద నాకు కోపం. తెల్ల నేల మీద తెల్ల కమోడ్, తెల్ల గోడ మీద మెరిసే స్టీలు కడ్డీ. చూపు తగ్గినవాళ్ళు సీటు ఎక్కడుందో తడుముకుంటూ కూర్చుంటారు. సీటు రంగు, కడ్డీ రంగు వెనకున్నదాని నుంచి కొట్టొచ్చినట్టు తేడాగా ఉండాలి. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ళకు ముదురు రంగు పట్ట గొయ్యిలా కనిపించవచ్చు, నేలంతా ఒకే రంగు ఉంచండి. అలాంటివాళ్ళకు కొత్త రకం కుళాయిలు కూడా వద్దు, చిన్నప్పటి నుంచి తెలిసినలాంటివే పెట్టండి.

కరెంటు లైనుకు 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్) తప్పనిసరి. ఎక్స్‌హాస్ట్ ఫ్యాన్‌కు టైమర్ పెడితే స్నానం అయ్యాక ఇంకో అరగంట తిరిగి నేల ఆరుస్తుంది.

12. పడితే పిలిచేదెలా?

ఫోను జేబులో ఉంటుందని అనుకోకండి, స్నానానికి జేబు ఉండదు. కప్పు నుంచి వేలాడే తాడు లాగితే ఇంట్లో గంట మోగేలా పెట్టండి. తాడుకు రెండు రింగులు: ఒకటి కూర్చున్న చేతికి అందేలా 80–100 సెంటీమీటర్ల ఎత్తులో, రెండోది నేల నుంచి 10 సెంటీమీటర్లలో. పడ్డ మనిషికి అందేది ఆ రెండోదే. గది కడిగేవాళ్ళు తడుస్తుందని దాన్ని ముడేసి పైకి కడతారు. రోజూ చూసి విప్పండి. ఎవరైనా పడితే గబాల్న లాగి లేపకండి. తుంటి దగ్గర నొప్పి, కాలు పొట్టిగా అయినట్టో పక్కకు తిరిగినట్టో కనబడితే కదపకుండా అంబులెన్స్ పిలవండి.

13. మళ్ళీ ఒక రిహార్సల్

అన్నీ బిగించాక మొదటి రోజు చేసిన నటన మళ్ళీ చేయించండి. ఒకసారి పగలు, ఒకసారి రాత్రి లైట్లతో, ఒకసారి నేల తడిపి మీరు పక్కనుండగా. ఒంటికాలి క్షణాలు మళ్ళీ లెక్కపెట్టండి. ఆరు నెలలకోసారి కడ్డీల బోల్టులు, కుర్చీ రబ్బరు కాళ్ళు, మూలల సిలికాన్ చూసుకోవాలి. కొత్త మందు మొదలైనా, ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చినా ఆ లెక్క మళ్ళీ మొదటి నుంచి.

మా అమ్మ ఏడింట్లో ఆరు పోయాయి. మిగిలిన ఒక్కటి గది లోపలిది కాదు. బయటికొచ్చి, తడి పాదంతో, గోడ పట్టుకుని కుడికాలి చెప్పు తొడుక్కోవడం. గుమ్మం పక్కన ఒక చేతుల కుర్చీ వేశాం.